ఏడో సభ్యురాలు

పదకొండు గంటలకు రమ్మన్నారు. ఐదు నిమిషాల ముందే వచ్చి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండుంబావు, ఎదురుగా రెండు కాగితాలు, ఒక నీలం పెన్ను, చల్లారిపోతున్న చాయ్, గాజు గోడకి అవతల నా తమ్ముడు హరేష్. పెన్ను మూత ముందే తీసి పెట్టారు. మూత తీసే శ్రమ కూడా నాకు ఉండకూడదని కాబోలు, ఇన్నేళ్లలో ఆ ఇంటి నుంచి నాకు దక్కిన మర్యాద ఇదొక్కటే. హరేష్ నా వైపు చూడటం లేదు, బొంబాయి నుంచి వచ్చిన బ్యాంకరు ఫడ్నీస్‌కి ఏదో చెబుతూ చేతులు తిప్పుతున్నాడు, లావయ్యాడు, జుట్టుకి రంగు వేశాడు, చెవుల దగ్గర వెయ్యడం మర్చిపోయాడు. నాకు ఇలాంటివే కనబడతాయి. ఇరవై మూడేళ్లు ఉజమ్ ఫోర్జింగ్స్‌లో తనిఖీ బల్ల ముందు కూర్చుని బేరింగు రింగులకి కొలత గేజు పెట్టి చూసినదాన్ని, బాగున్నది నా కంటికి ఆనదు, తేడా ఉన్నదే ఆనుతుంది. ఉజమ్ మా అమ్మ పేరు. మేం బా అనేవాళ్లం. బా పేరు మీద పెట్టిన కంపెనీ ఇప్పుడు బజారుకెక్కుతోంది, ఎవరు పడితే వాళ్లు దాని వాటాలు కొనుక్కోవచ్చు, కొచ్చిలో ఉన్నవాడు కొనుక్కోవచ్చు, కాన్పూరులో ఉన్నవాడు కొనుక్కోవచ్చు, బా కూతురు మాత్రం ఆ కంపెనీతో నాకేమీ సంబంధం లేదని రాసివ్వాలి. అందుకే పిలిచారు, అందుకే ఈ చాయ్, ఈ తిరిగే కుర్చీ, కాళ్లు నేలకి ఆనని ఈ ఎత్తు కుర్చీ.

కృపాలిబెన్ చెప్పింది ఇందాక. కంపెనీ సెక్రటరీ ఆమె, నలభై ఏళ్లుంటాయి, ముక్కు మీదకి జారే కళ్లద్దాలు, మాట మెత్తన, రెండేళ్ల కిందట చేరిందట, నన్ను చూడటం ఇదే మొదలు. "చాలా చిన్న విషయం రసీలాబెన్," అంది. కంపెనీ ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరి బంధువుల పేర్లన్నీ వాటాల బజారుకి పెద్దదిక్కైన సెబీకి పంపే ప్రాస్పెక్టస్‌లో చెప్పాలట, భార్య, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా అక్క అక్కే, రూలుకి అలకలు తెలియవు. "మీకు ఇష్టం లేకపోతే, ఇన్నేళ్లుగా మాకు రాకపోకల్లేవు, కంపెనీతో నాకు సంబంధం లేదు అని ఈ తెల్లకాగితం మీద సంతకం పెట్టండి, మినహాయింపు అడుగుతాం." రెండోది పచ్చకాగితం, హరేష్ బంధువుల జాబితా, వాడి పెళ్లాం భావ్నా పేరుంది, కొడుకులిద్దరి పేర్లున్నాయి, బా పేరు పక్కన స్వర్గీయ అని ఉంది, బాపా, అంటే మా నాన్న, ఆయన పేరు పక్కనా ఉంది, అడుగున ఒక వరస ఖాళీ. "హరేష్‌భాయ్ మొదటిదే పెట్టమన్నారు. రెండూ చూపించడం నా బాధ్యత కదా, అందుకని," అని కళ్లద్దాలు పైకి తోసుకుంది. మంచిది. గేజు పెడితే సరిగ్గా దిగే మనిషి.

తొందరెందుకంటే ఇవాళ సెప్టెంబరు ముప్పై. మార్చి ఆఖరుకి తీసిన లెక్కలకి ఆర్నెల్లే ఆయువు, ఈ సాయంత్రం లోపు పంపకపోతే అవి చచ్చినట్టే, మళ్లీ ఆడిట్, మళ్లీ బొంబాయి, డిసెంబరు దాకా ఆగాలి. నాకు నవ్వొచ్చింది, పైకే నవ్వాను, కృపాలిబెన్ ఉలిక్కిపడింది. నడుస్తున్నవి పెద్దల రోజులు. పొద్దున్నే మా మేడ పిట్టగోడ మీద కాకులకి దూధ్‌పాక్ పాయసం, పూరీ పెట్టి వచ్చాను. ఈ పదిహేను రోజులూ మా వాళ్లు కొత్త చీపురు కూడా కొనరు, ఇక హరేష్ సంగతి చెప్పాలా, వాడు పంచాంగం చూడకుండా లేత్ మెషీను మీద చెయ్యి పెట్టేవాడు కాదు, కొత్త బాయిలరు వచ్చి మూడు రోజులు లారీ మీదే ఉండిపోయింది మంచిరోజు లేదని, లారీ డ్రైవరు బాపా దగ్గరకొచ్చి ఏడ్చాడు. అలాంటివాడు మహాలయ పక్షంలో కంపెనీని బజారులో పెడుతున్నాడు. నవరాత్రి ఇంకో మూడు రోజులే ఉంది, మూడు రోజులు ఆగమని ఎవరికి చెబుతాడు, సెబీకా. జీవితంలో మొదటిసారి హరేష్ చేత ముహూర్తం లేని పని చేయించింది ఆ రూలు, దానికి దండం పెట్టాలి.

సంతకం పెట్టేసి వచ్చెయ్ అన్నాడు మా ఆయన దిలీప్ పొద్దున. "చాయ్ తాగి, పెట్టేసి, వచ్చేటప్పుడు కిలో గాఠియా పట్రా." ఆయనకి అన్నీ తేలిక, ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాడు, వెనక హారన్లు కొడుతుంటే పట్టించుకోని అలవాటు. నేనూ పెడదామనే బయల్దేరాను. నిజం. ఆటోరిక్షాలో వస్తూ అనుకున్నాను, ఉన్న మాటే కదా రాయమంటున్నారు, రాకపోకలు ఎక్కడున్నాయి, పదకొండేళ్లుగా వాడి గడప తొక్కానా, వాడు నా గడప తొక్కాడా. నా వర్క్‌షాప్ నాకుంది, రెండు గ్రైండింగ్ మెషీన్లు, ఆరుగురు ఆడవాళ్లం, రాజ్‌కోట్‌లో సగం ఫ్యాక్టరీల గేజులు మా దగ్గరికే వచ్చి సరిచూపించుకుపోతాయి. వాడి వాటాలు నాకెందుకు, వాడి పేరు పక్కన నా పేరెందుకు. లిఫ్టులో పైకి వస్తున్నంతసేపూ నా మనసు పెన్ను పట్టుకునే ఉంది. ఇక్కడ కూర్చున్నాక, ఆ పచ్చకాగితం మీద ఖాళీ వరస చూశాక, చెయ్యి రావడం లేదు. ఖాళీ వరస నాకు కొత్త కాదు, ఒకసారి పేపర్లో చూశాను. బా పోయినప్పుడు. ఐదేళ్లయింది. బా పోయిందని నాకెవరూ చెప్పలేదు, మూడో రోజు పొద్దున ఒక గేజుకి చుట్టి ఉన్న పేపరు విప్పుతుంటే బా ఫోటో కనబడింది, బేస్ణాకి, అంటే పరామర్శ కూడికకి, రమ్మని ప్రకటన, సాయంత్రం నాలుగు నుంచి ఆరు, కింద పేర్ల వరస, హరేష్ పోపట్‌భాయ్ వేకరియా, భావ్నా, మనవలు, మా బాబాయి కాకా, పిన్ని కాకీ, కాకా అల్లుళ్లు, ఆఖరికి మెహసాణాలో ఉండే ఎవరో దూరపు చుట్టం. నేను లేను. రెండుసార్లు వేలు పెట్టి చదివాను. కన్నతల్లి చావు ప్రకటనలో కూతురి పేరు లేదు. ఆ సాయంత్రం ఆ హాలుకి వెళ్లాను, తెల్లచీర కట్టుకుని వెనక వరసలో కార్మికుల పెళ్లాల మధ్య కూర్చుని వచ్చేశాను, భావ్నా చూసి తల తిప్పుకుంది. ఆ రోజు అడిగే రూలు లేదు. బేస్ణా ప్రకటనలో అక్క పేరు ఎందుకు లేదని ఏ సెబీ అడుగుతుంది. ఇప్పుడు అడుగుతోంది.

బల్ల మీద ఇటికంత పుస్తకం ఉంది, ఆ ప్రాస్పెక్టస్ ముసాయిదాయే. ఎలాగూ ఎదురుచూపే కదా అని తిరగేశాను. ఇందులో ఎన్ని భయాలు రాశారమ్మా, ఉక్కు ధర పెరిగితే మాకు నష్టం, వాన రాకపోతే నష్టం, మాకు పెద్ద గిరాకీ ఇచ్చే ముగ్గురిలో ఒకరు పోతే నష్టం, పాత రికార్డులు కొన్ని దొరకలేదు దానివల్ల నష్టం రావచ్చు, కొనేవాడు అన్నీ చదువుకుని కొనుక్కోవాలట. ఇంత నిజం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత మన ప్రస్థానం అని ఒక అధ్యాయం. 1989లో స్వర్గీయ పోపట్‌భాయ్ వేకరియా, దార్శనికుడైన ఆయన కుమారుడు హరేష్‌భాయ్ కలిసి ఒక చిన్న షెడ్‌లో ప్రారంభించారని. 1989! హరేష్‌కి పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి లెక్కల్లో తప్పి, మార్కుల కాగితం మీద నా చేత బాపా సంతకం పెట్టించుకుని, పెట్టించినందుకు నాకు ఒక ఐస్‌గోళా కొనిపెట్టిన దార్శనికుడు. షెడ్‌లో ఉన్నది నేను. నాకు పంతొమ్మిది. పాత లేత్ మీద బాపా తిప్పేవాడు, నేను కొలిచేదాన్ని, ఉక్కు రజను నా గోళ్లలో ఉండేది, నా పెళ్లి చూపులకొచ్చిన మొదటి సంబంధం వాళ్లు ఆ గోళ్లు చూసి లేచిపోయారు, బాపా వాళ్ల వెనకాల గుమ్మం దాకా వెళ్లి "ఆ రజనుతోనే మీ ఇంటి మోటారు తిరుగుతోంది పటేల్," అని వచ్చాడు. జామ్‌నగర్ నుంచి మొదటి పెద్ద ఆర్డరు తిరిగొచ్చినప్పుడు, నాలుగు వందల రింగుల్లో ఏది తప్పో తెలియక బాపా తల పట్టుకుంటే, రెండు రోజులు కూర్చుని ముప్పై ఏడు వేరుచేసింది నేను. పుస్తకంలో లేదు. ముప్పై ఏడు రింగుల సంగతి కొనేవాడికి అక్కర్లేదు, సరే, కానీ పదమూడేళ్ల దార్శనికుడు ఎందుకు.

చాయ్ తాగేశాను. చల్లారింది, అయినా తాగాను, వదిలేస్తే అలిగి తాగలేదంటారు. గాజు అవతల హరేష్ ఇటు ఒకసారి చూసి, నా చేతి వైపు చూసి, మళ్లీ అటు తిరిగాడు. చెయ్యి చూస్తున్నాడు, మొహం కాదు. ఈ చేత్తో మీకు ఎన్ని సంతకాలు పెట్టానురా. 2006లో, ప్రైవేటు కంపెనీని పబ్లిక్ లిమిటెడ్ చెయ్యాలని మోజు పుట్టింది హరేష్‌కి, బోర్డు మీద బాగుంటుందని. లెక్కల వాసాణీ ఒక ఆదివారం ఇంటికొచ్చాడు, శనగపిండి గాఠియా, వేయించిన మిరపకాయలు, పచ్చి బొప్పాయి తురుము సంభారో ముందు పెట్టుకుని కాగితాలు పరిచాడు. పబ్లిక్ అంటే ఏడుగురు సభ్యులుండాలి, తక్కువైతే కుదరదు. బాపా, బా, హరేష్, భావ్నా, కాకా, కాకీ, ఆరుగురయ్యారు. ఏడో మనిషి ఎవరు? మా మామగారిని వేద్దాం అన్నాడు హరేష్. బాపా నోట్లో ముద్ద ఉంది, నమిలి, మింగి, నీళ్లు తాగి అప్పుడు అన్నాడు, "ఇంట్లో రసీలా ఉండగా బయటివాడెందుకు." అంతే. పెద్ద మాటేమీ కాదు, మిరపకాయ అందుకుంటూ అన్న మాట. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. పెళ్లయి పదేళ్లయిన కూతుర్ని, వాళ్ల లెక్కలో వేరే ఇంటిదాన్ని, ఇంట్లో అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి వంద వాటాల కాగితం మీద సంతకం పెట్టాను. వెంటనే వాసాణీ ఇంకో ఫారం తోశాడు, "ఆడపిల్లలు రేపు ఎక్కడుంటారో ఏమో, ఖాళీ బదిలీ ఫారం ఒకటి కూడా పెట్టించి దగ్గరుంచుకుంటే మంచిది పోపట్‌భాయ్, అందరి దగ్గరా తీసుకుంటాం, ఇది మామూలే." మామూలే. మా ఊళ్లో కంపెనీలన్నిటి బీరువాల్లోనూ ఆడవాళ్ల ఖాళీ సంతకాలే. ఎవరికి ఇస్తున్నానో లేదు, తేదీ లేదు, నా సంతకం ఒకటే ఉంది. సాక్షి కావాలంటే బాపాయే పెట్టాడు, నాలుగో తరగతి వరకే చదివిన గుజరాతీ అక్షరాలు, ఒక్కోటీ ఒక్కో రింగు తిప్పినట్టు నెమ్మదిగా.

తర్వాత బాపా పోయాడు, 2012 శ్రావణం, జన్మాష్టమి జాతర జరుగుతోంది, శవం వెనకాల నడుస్తుంటే రంగులరాట్నం పాటలు వినబడుతున్నాయి. పన్నెండో రోజు భోజనాలయ్యాక హరేష్ హక్ కమీ కాగితం తెచ్చాడు. గోండల్ దగ్గర ఎనిమిది బీఘాల పొలం, అక్కచెల్లెళ్లు హక్కు వదులుకుంటున్నామని ఊరి కరణం తలాటీ దగ్గర సంతకం పెట్టడం మాలో మామూలే. మళ్లీ మామూలే. పొలం మీద నాకు ఆశ లేదు, వేరుశనగ నేను పండిస్తానా. అడిగి ఉంటే పెట్టేదాన్ని. అడగలేదు, పెన్ను మూత తీసి చేతిలో పెట్టాడు, వెనకాల రిక్షా ఆపి ఉంచాడు తలాటీ ఆఫీసుకి, మీటరు తిరుగుతోందన్నాడు. బాపా పోయి పన్నెండు రోజులు, మీటరు తిరుగుతోంది. పెట్టను అన్నాను. ఆ ఒక్క మాటకి ఏడాది సణిగారు, బుజ్జగించారు, కాకీ కాళ్లు పట్టుకుంది, చివరికి ఒక పొద్దున వెళ్లేసరికి నా తనిఖీ బల్ల దగ్గర వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. గేజులు నావి, డబ్బాలో వేసి గేటు దగ్గర పెట్టించాడు. ఆ డబ్బాతోనే నా వర్క్‌షాప్ మొదలైంది. ఏడవలేదని చెప్పను. బస్టాండు దాకా ఏడ్చాను.

ఈ తెల్లకాగితం ఒకసారి చదవాలి. పెట్టినా పెట్టకపోయినా, చదవకుండా పెట్టే రోజులు అయిపోయాయి. నేను, రసీలా, ఇంతవరకూ బాగానే ఉంది, నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఆహా, సదరు కంపెనీలో నాకున్న వంద వాటాలను శ్రీమతి భావ్నాకు బదిలీ చేసి ఉన్నాను, నాటి నుండి సదరు కుటుంబంతో గాని, కంపెనీతో గాని. ఆగు. బదిలీ చేసి ఉన్నానా, ఎప్పుడు చేశాను. నా వంద వాటాల సంగతే మర్చిపోయాను నేను, వాళ్లు మర్చిపోలేదు. ప్రతి జతపరచడమైనది అని ఉంది, వెనక్కి తిప్పాను. ఆ ఫారమే. నూనె మరక కూడా ఉంది, ఆ ఆదివారం గాఠియా నూనె. నా సంతకం, ముప్పై ఆరేళ్ల రసీలా సంతకం, ఇప్పటికంటే గుండ్రంగా. పైన వేరే సిరాతో భావ్నా పేరు. తేదీ, 8 నవంబరు 2013. దీపావళి తర్వాతి లాభ పాంచమ్ అయి ఉంటుంది, పంచాంగం చూడకుండా హరేష్ ఏ తేదీ వెయ్యడు, అక్క పేరు కొట్టెయ్యడానికి కూడా మంచిరోజు చూసుకున్నాడు. కింద సాక్షి, పోపట్‌భాయ్ రామ్‌జీభాయ్ వేకరియా. బాపా అక్షరాలు. వేలు పెట్టి చూశాను, మళ్లీ పైకి వెళ్లి తేదీ చూశాను, మళ్లీ కిందకి. శ్రావణంలో మేం మోసుకెళ్లిన మనిషి పదిహేను నెలల తర్వాత వచ్చి సంతకం పెట్టాడు. కూతుర్ని ఇంట్లోంచి తీసెయ్యడానికి సాక్షిగా నిలబడ్డాడు. ఇంట్లో రసీలా ఉండగా అన్న మనిషి.

ఒళ్లు మండిపోయింది. పొలానికి మండలేదు, బల్లకి మండలేదు, బేస్ణాకి ఏడుపొచ్చింది తప్ప ఇంత మంట లేదు. నన్ను తీసేస్తే తీసెయ్యండి, బాపా చేత తీయిస్తారా. అక్కడే పెన్ను మూత వెతికాను, కాగితాల కింద దొరికింది, పెన్నుకి పెట్టేశాను, టక్కుమంది. కృపాలిబెన్ తలెత్తింది. "ఏమైనా సందేహమా బెన్?" "సందేహం లేదు," అన్నాను, "హరేష్‌ని రమ్మను."

వచ్చాడు. తలుపు పట్టుకునే నిలబడ్డాడు, ఎక్కువసేపు ఉండనని చెప్పడానికి. "పెట్టలేదా ఇంకా?" పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అది. అక్కని పిలిచినట్టు బెన్ అని లేదు, బాగున్నావా అని లేదు.

"కూర్చో," అన్నాను.

"టైం లేదు. సాయంత్రం లోపు వెళ్లాలి. నీకేం పోయింది ఇందులో? మాటలు లేవని రాయమన్నాం, లేవు కదా. నీ మంచికే ఇది, నీ వర్క్‌షాప్ వివరాలన్నీ ఊరంతా చదవడం ఎందుకు?"

"చదవనీ. నాకే గిరాకీ."

కృపాలిబెన్ దగ్గింది, నవ్వు మింగిన దగ్గు. హరేష్ తలుపు వదిలి రెండడుగులు వచ్చాడు. గొంతు తగ్గించాడు. "సరే, ఎంత కావాలో చెప్పు."

ఈ మాట వస్తుందని నాకు తెలుసు, రిక్షాలోనే తెలుసు, దీనికి జవాబు కూడా వండి తెచ్చుకున్నాను, ఇప్పుడు గుర్తు రాలేదు, అక్కర్లేదు కూడా. "బాపా ఎప్పుడు పోయాడురా?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు. కొడుకువి కదా, తెలియదా?"

"పన్నెండులో. శ్రావణం."

"కృపాలిబెన్, జతపరిచిన ఫారం మీద తేదీ చదువు. పైకి చదువు. సాక్షి పేరు కూడా."

ఆమె చదవడం మొదలుపెట్టింది, సాక్షి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుని మళ్లీ చూసింది. హరేష్ ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. వాడి మొహం చూస్తూనే ఉన్నాను, వాడికి నిజంగా తెలియదు, ఆ సంగతి కూడా చెప్పాలి, న్యాయంగా. తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం చూశాడు, కాగితం అడుగున ఎవరున్నారో చూడలేదు. పెదాలు కదిలాయి, బాపా అన్నాడో ఏమన్నాడో. ఒక్క క్షణం నా చేత మార్కుల కాగితం మీద సంతకం పెట్టించుకోవాలని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడు కనిపించాడు, నాకు జాలేసింది. జాలి వేరు, సంతకం వేరు.

"వాసాణీ వేశాడు ఈ తేదీ," అన్నాడు.

"నువ్వు చెప్పకుండానే వేశాడా?"

"బెన్," అన్నాడు. అన్నాడు చివరికి. "ఇది మనం మనం చూసుకుందాం. నూట డెబ్బై మంది బతుకుతున్నారు దీని మీద. ఆ ఫారం తీసేద్దాం, కొత్తది రాసుకుందాం, నువ్వు పెట్టు, నేను పెడతా, మన ఇంట్లో విషయం బయటికెందుకు?"

మనం మనం. మన ఇంట్లో. ఆ మాట కోసం బస్టాండు దాకా ఏడ్చాను, ఆ మాట కోసం వెనక వరసలో తెల్లచీరలో రెండు గంటలు కూర్చున్నాను, ఒక్కరు వచ్చి చెయ్యి పట్టుకుని మనం అంటే లేచి ముందు వరసలోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు అంటున్నాడు, దొంగ కాగితం ఒకటి కావలసి వచ్చి. నిజమే, కరిగాను, అరక్షణం కరిగాను, మళ్లీ గట్టిపడ్డాను. "నూట డెబ్బై మందికి నేనే పని నేర్పాను, సగం మందికి," అన్నాను. "వాళ్ల పేరు చెప్పి నాతో అబద్ధం రాయించకు. బాపా చేత ఒకసారి రాయించావు, చాలు. నేను పెట్టను."

"కక్ష తీర్చుకుంటున్నావు."

"అనుకో."

కృపాలిబెన్ లేచి నిలబడింది. "హరేష్‌భాయ్, చూశాక ఇక నా సంతకం కూడా పడదు. నన్ను క్షమించండి." వెళ్లి గాజు మీద వేళ్లతో కొట్టింది. ఫడ్నీస్ వచ్చాడు, పొడుగ్గా, అలసటగా, ఇలాంటివి ఎన్ని చూశాడో, కాగితం పట్టుకుని నిలబడే చదివి ఒకే ప్రశ్న అడిగాడు. "ఈ సాక్షి ఎవరు?"

నేను చెప్పగలను, చెప్పకూడదనుకున్నాను, వాడే చెప్పాలి. హరేష్ కిటికీలోంచి కిందకి చూస్తున్నాడు, మెడ మీద చెమట. వాడు వాసాణీ అంటాడనుకున్నాను, గుమాస్తా తప్పు అంటాడనుకున్నాను.

"మా బాపా," అన్నాడు. "అప్పటికి పోయాడు. తేదీ నేనే వేయించాను."

"అయితే ఇవాళ వెళ్లదు," అన్నాడు ఫడ్నీస్, రైలు తప్పిపోయిందన్నంత మామూలుగా. "ఈ బదిలీ నిలవదు. ఆ వాటాలు, వాటి మీద వచ్చిన బోనసు వాటాలు ఈవిడవే. పైగా మీ అక్కగారు. జాబితాలో చేర్చండి. నేను రాయకూడదు, కృపాలిజీ రాయకూడదు, ప్రమోటరు మీరు, మీరే రాయాలి." పచ్చకాగితం హరేష్ ముందుకి జరిపాడు. డిసెంబరు అనే మాట ఎవరూ అనలేదు, గదిలో అందరికీ వినబడింది.

హరేష్ కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు, తనే తీశాడు. ఖాళీ వరసలో నా పేరు రాశాడు, బాపా దస్తూరీయే వీడిదీ, ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు. బంధుత్వం అన్న చోట అక్క అని రాశాడు. సంతోషమా అంటే సంతోషం కాదు, ఓడించిన సంబరం కూడా కాదు, నా బరువు మొత్తం ఆ ఎత్తు కుర్చీ మీద సరిగ్గా ఆనినట్టు అనిపించింది, అంతే. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. చిరునామా. కాగితం వైపే చూస్తున్నాడు, చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు, చెవులు ఎర్రబడుతున్నాయి, ఫడ్నీస్ ముందు, కృపాలిబెన్ ముందు, ఎంతసేపని చూస్తాడు. తలెత్తాడు. ఈసారి చేతి వైపు కాదు, మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు... ఎక్కడుంటున్నావు బెన్?"

"రాసుకో," అన్నాను. "మవడీ ప్లాట్, పదహారో గల్లీ, రెండో అంతస్తు. నీ కారు రోజూ ఆ గల్లీ చివరి నుంచే పోతుంది."